సైరన్‌కు కొత్త గొంతు

కాగజ్‌నగర్‌లో సైరన్ బ్యాండు పాటలు విన్నవాళ్ళు వందల మంది ఉంటారు. ఆ బ్యాండును కళ్ళతో ఒక్కసారి కూడా చూడకుండా పాటలన్నీ కంఠతా పట్టింది మాత్రం నర్మద ఒక్కతే అయి ఉంటుంది.

అప్పుడామె ఇంటర్ చదువుతోంది. తండ్రి బుచ్చిరాములు పేపర్ మిల్లు కార్మికుడు. వాళ్ళ క్వార్టర్ల వెనుక నీళ్ళ ట్యాంకు ఉండేది. దాని అవతల ఎవరికీ పట్టని రేకుల షెడ్డు. మిల్లు కార్మికుల కొడుకులు ముగ్గురు ఆ షెడ్డులో చేరి గిటారు, డ్రమ్ములు వాయించుకుంటూ సొంత పాటలు కట్టేవారు. పొద్దుగూకే వేళ మిల్లు సైరన్ మోగితే వాళ్ళ పాట మొదలయ్యేది. అందుకే జనం వాళ్ళను సైరన్ పోరగాళ్ళు అన్నారు, చివరకు బ్యాండుకు అదే పేరు స్థిరపడింది.

పాడేవాడి పేరు కరుణాకర్. అతని గొంతు నున్నటిది కాదు. పైకి పోయినకొద్దీ ఆరేసిన గుడ్డ చిరిగినట్టు చిరిగేది. ఆ చిరిగిన చోటే వినేవాళ్ళ ఒళ్ళు జలదరించేది. గణపతి మండపాల ముందు, దసరా రాత్రుల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో సైరన్ పాడుతుందంటే మగపిల్లలు గుంపులుగా ఎగబడేవారు. ఆ గుంపులో ఆడపిల్ల నిలబడే మాటే లేదు. బుచ్చిరాములు చెడ్డవాడు కాదు గాని, ఆ ఒక్క విషయంలో ఇంట్లో చర్చ పెట్టనిచ్చేవాడు కాదు. నర్మద బిందె పట్టుకుని ట్యాంకు దగ్గరికి పోయేది. నల్లా సన్నగా తిప్పి, బిందె నిండేదాకా పాట వినేది. నిండిన బిందెను మొక్కల్లో వంచి మళ్ళీ నల్లా కింద పెట్టేది.

అన్నిటికన్నా ఆమెకు 'రెండో షిఫ్టు' పాట ప్రాణం. "రెండో షిఫ్టుకు పోయే అన్నా, నీ బీడొకటి ఇంట్ల ఉన్నది" అని వచ్చే చరణం దగ్గర ఆమెకు తండ్రి కళ్ళలో మెదిలేవాడు. బుచ్చిరాములు బీడీలు ఇంట్లో మరిచి, మిల్లు గేటు దాకా పోయి, సైకిలు తిప్పుకుని తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఈ పోరడు మా బాపును చూసే ఈ పాట కట్టిండని ఆమె గట్టిగా నమ్మింది.

పెళ్ళిచూపులకు సాగర్ వచ్చినప్పుడు అతని ఫోన్ మోగింది. సైరన్ బ్యాండు గిటారు ముక్క అది. మోటార్ వైండింగ్ నేర్చుకుంటున్న మనిషి, చేతులకు వార్నిష్ మరకలు, పెద్దగా ఆస్తి లేదు. అయినా నర్మద సరేనంది. పెళ్ళయ్యాక ఆమె ట్యాంకు సంగతి చెబితే సాగర్ నవ్వాడు. తాను ప్రతి ప్రోగ్రాంలోనూ ముందు వరుసలో ఉన్నానని, కరుణాకర్ చెమట చుక్క తన మీద పడిందని, ట్యాంకు వెనుక నుంచి విన్నది అసలు వినడమే కాదని అన్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సైరన్ అభిమాని అంటే ఆ ఇంట్లో సాగరే. ఆమె అభిమాని భార్య.

2014లో మిల్లు మూతపడింది. క్వార్టర్లలో చాలా కుటుంబాలు ఎటు దారి దొరికితే అటు పోయాయి. బుచ్చిరాములు పొద్దస్తమానం మంచంలో కూర్చుని గేటు వైపు చూసే మనిషిగా మారి, మిల్లు మళ్ళీ తెరవకముందే కన్నుమూశాడు. బ్యాండు కూడా ఆ దెబ్బకే చెదిరింది. గిటారు వాయించే రాహిల్ దుబాయ్ విమానం ఎక్కాడు. డ్రమ్ముల వెంకటి హైదరాబాద్‌లో కాపలా ఉద్యోగానికి కుదిరాడు. కరుణాకర్‌కు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి మనిషిని బతికించారు గాని, గొంతు మిగల్లేదు. అతను ఖానాపూర్ దగ్గర అత్తగారి ఊళ్ళో పసుపు, మక్కజొన్న వేసుకుని బతుకుతున్నాడని అందరూ చెప్పుకునేవారు. వెళ్ళి చూసినవాళ్ళు మాత్రం తక్కువ. చూస్తే ఏం మాట్లాడాలో తెలియదు కదా.

నర్మద ఆ ఏళ్ళలోనే ఆర్టీసీలో కండక్టర్‌గా చేరింది. ఆసిఫాబాద్ డిపో. మంచిర్యాల, జన్నారం, ఖానాపూర్ మీదుగా నిర్మల్ పోయే బస్సు ఆమెది. మొదట్లో టికెట్ మిషన్ పట్టుకుని గుంపులో దూరడానికే సిగ్గుపడిన మనిషి, ఇప్పుడు ఒక్క కేకతో బస్సు మొత్తాన్ని వెనక్కి జరపగలదు.

మిల్లు తెరుచుకున్నాక వెంకటి తిరిగొచ్చి పనిలో చేరాడు. కొన్నాళ్ళకు రాహిల్ కూడా దుబాయ్ వదిలి వచ్చి మొబైల్ దుకాణం పెట్టాడు. ఇద్దరూ సాయంత్రాలు కలిసి కూర్చునేసరికి పాత పురుగు మళ్ళీ కుట్టింది. పోయిన వానాకాలంలో సైరన్ మళ్ళీ వస్తోందని ప్రకటించారు. ఊరు ఊగిపోయింది. పాడేది ఎవరన్న ప్రశ్నకు జవాబుగా ఒక వీడియో పెట్టారు. అందులో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి మైకు ముందు నిలబడి 'రెండో షిఫ్టు' పాడుతోంది. పేరు షాహీన్. రాహిల్ అక్క కూతురు. మంచిర్యాలలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది.

ఇక చూడాలి. సైరన్ అభిమానుల వాట్సాప్ గ్రూపుకు సాగరే అడ్మిన్. మస్కట్‌లో ఉన్న ఒకతను వీడియో సగంలో ఆపేశానని, ఆ సగం విన్నందుకే నిద్ర పట్టలేదని రాశాడు. కరీంనగర్ నుంచి ఒక పెద్దమనిషి, పిల్ల బాగానే పాడుతోంది, వేరే పేరు పెట్టుకొమ్మనండి, సైరన్ పేరు ముట్టుకోవద్దనండి అన్నాడు. అసలు బ్యాండు తిరిగి రావడమే గొప్ప, కరుణాకర్ ఇక పాడలేడు కదా అన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు గాని, వాళ్ళ మాట ఎవరికీ వినబడలేదు. ఆడపిల్లకు రెండో షిఫ్టు సంగతి ఏం తెలుసని కొందరు తిట్టారు. ఆమె మతం గురించి, బట్టల గురించి ఇంకా నీచంగా రాసినవాళ్ళను సాగర్ గ్రూపు నుంచి తీసేశాడు. అంతవరకు అతను న్యాయస్థుడే. పాట మీద కోపం మాత్రం అతనిదీ తక్కువేం కాదు.

నర్మద ఆ వీడియో బస్సు డిపోలో ఒక్కతే కూర్చుని చూసింది. అమ్మాయి కష్టపడి పైకి ఎక్కుతోంది, ఎక్కిన చోట గొంతు చిరగడానికి బదులు సన్నగా కీచుమంటోంది.  ఎవరో వచ్చి బాపు మంచం మీద కూర్చున్నట్టు నర్మదకు అనిపించింది. ఆ రాత్రి అన్నం తింటూ సాగర్ ఎట్లుందని అడిగాడు.

"సైరన్ అంటె మిల్లుది మోగినట్టుండాలె," అంది నర్మద. "గీ పిల్లది అంబులెన్సు లెక్కుంది."

సాగర్‌కు పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. తెల్లారేసరికి ఆ మాట గ్రూపులో ఉంది. సాగర్ తన మాటగానే రాసుకున్నాడు. మధ్యాహ్నానికి అది గ్రూపు దాటింది. ఎవరో అమ్మాయి ఫోటో పక్కన అంబులెన్సు బొమ్మ అతికించి తిప్పారు. వారం తిరక్కుండానే షాహీన్ అసలు పేరు చాలామంది మరిచిపోయారు, అంబులెన్స్ అంటే చాలు. నర్మదకు మొదట్లో లోలోపల గర్వంగానే ఉండేది. బస్సులో ఎవరైనా ఆ మాట చెప్పుకుని నవ్వితే, గా మాట నేనన్నదే అని నోటి దాకా వచ్చేది.

ఒక శుక్రవారం మంచిర్యాల బస్టాండ్‌లో ఒక అమ్మాయి ఎక్కి కండక్టర్ వెనుక సీట్లో కూర్చుంది. ఆధార్ కార్డు చూపించి ఖానాపూర్ అంది. నర్మద ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి ఇస్తూ ముఖం చూసింది. షాహీన్. వీడియోలో కన్నా చిన్నపిల్లలా ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ తిననట్టు పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

లక్సెట్టిపేటలో కాలేజీ పిల్లలు ఎక్కారు. వాళ్ళలో ఒకడు ఆ అమ్మాయిని గుర్తుపట్టి పక్కవాణ్ణి పొడిచాడు. కాసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత ఒకడు ఫోన్‌లో అంబులెన్సు మోత పెట్టాడు. ఇంకొకడు, జరుగుండ్రి జరుగుండ్రి, పేషెంటు వస్తున్నది అని అరిచాడు. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. విషయం తెలియని ముసలామె ఒకతి నిజంగానే అంబులెన్సు వస్తోందేమోనని కిటికీలోంచి తల బయట పెట్టింది. షాహీన్ కదల్లేదు. ఒళ్ళో బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ఇది మొదటిసారి కాదని ఆ కూర్చున్న తీరే చెప్పింది.

నర్మద లేచింది. డ్రైవర్‌కు విజిల్ వేసి బస్సు ఆపించింది. మోత ఆపుతారా, లేక ఈ చెట్ల మధ్యే దిగి నడుస్తారా అని నెమ్మదిగానే అడిగింది. ఆమె అరవకపోవడంతో వాళ్ళకు భయం వేసినట్టుంది. మోత ఆగింది. కాని అందులో ఒకడు, మేమేం కొత్తగ అన్నమా మేడం, ఊరంత అంటలేరా అని గొణిగాడు. నర్మద విజిల్ వేసి బస్సు కదిలించింది. నిజమే. వాళ్ళు కొత్తగా ఏమీ అనలేదు. కొత్తగా అన్నది తాను.

జన్నారం దాటాక బస్సు కొంచెం ఖాళీ అయింది. షాహీన్ ముందుకు వంగి థ్యాంక్స్ అక్కా అంది. నర్మద తల మాత్రం ఊపింది. అమ్మాయే మాట కలిపింది. ల్యాబుకు సెలవు పెట్టి కరుణాకర్ దగ్గరికి పోతోందట. రాహిల్ మామూకు చెప్పలేదట. పాడమని బలవంతం చేసింది మామూయే అనుకుంటారు అందరూ, కాదట, తనే అడిగిందట. చిన్నప్పుడు మామూ ఫోన్‌లో కరుణాకర్ పాటలు వినే పెరిగిందట. ఇప్పుడు ఆయన ముందుకు పోయి ఒక్కసారి అడుగుతుందట, పాడమంటారా వద్దంటారా అని. వద్దంటే ఆదివారం ఊళ్ళో పెట్టుకున్న సైరన్ ప్రోగ్రాం ఆపేస్తుందట.

"ఆయన వద్దంటె?" అని నర్మద అడిగింది.

"వద్దంటె వద్దే. పాటలు ఆయనయి కదా అక్కా."

ఖానాపూర్‌లో అమ్మాయి దిగిపోయింది. నిర్మల్ దాకా నర్మద రెండుసార్లు చిల్లర తప్పు ఇచ్చింది. ఇంతకాలం ఆమె మనసులో కరుణాకర్ తరఫున తానే పోట్లాడుతున్నట్టు ఉండేది. ఆ పిల్ల మాత్రం పోయి నేరుగా ఆయన్నే అడుగుతోంది. గ్రూపులో ఉన్న అన్ని వందల మందిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. తనకూ రాలేదు. వారానికి నాలుగు రోజులు ఆ ఊరి పక్క నుంచే పోతూ కూడా.

తిరుగు బస్సు ఖానాపూర్ చేరేసరికి ఎండ వాలుతోంది. స్టాపులో షాహీన్ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్లబడ్డ జుట్టు, మోకాళ్ళ దాకా మట్టి, మెడ చుట్టూ తువ్వాల. నర్మద ఊహల్లో కరుణాకర్ ఎప్పుడూ పొడగరి. ఈ మనిషి షాహీన్ భుజం దాకా వచ్చాడు, అంతే. అయినా ఆమెకు ఎవరో తెలిసిపోయింది. అమ్మాయి ఎక్కాక అతను కిటికీ దగ్గరికి వచ్చి నర్మద వైపు చెయ్యెత్తాడు. ఏదో చెప్పబోతున్నాడని ఆమె వంగింది. గొంతు లేదు, గాలి మాత్రమే వస్తోంది. ఇంజను మోతలో ఒక్కొక్క మాటా ఏరుకుని వినాల్సి వచ్చింది.

"జర మంచిగ దింపమ్మా. మా పిల్ల."

నర్మద సరే అన్నా అంది. ఇన్నేళ్ళుగా అతనితో చెప్పాలని దాచుకున్న మాటలన్నీ అక్కడే ఉండిపోయాయి. బస్సు కదిలింది.

షాహీన్ ముఖం పొద్దున ఉన్నట్టు లేదు. అడక్కుండానే చెప్పుకొచ్చింది. కరుణాకర్ వీడియో చూసే ఉన్నాడట. వాకిట్లో కూర్చోబెట్టి పాడమన్నాడట. రెండు లైన్లు పాడగానే చెయ్యి అడ్డం పెట్టి, నా శృతిల నువ్వెందుకు పాడుతున్నవ్ బిడ్డా అని అడిగాడట. రాహిల్ మామూ శృతి మార్చనివ్వలేదు, మారిస్తే అభిమానులు ఒప్పుకోరని భయపడ్డాడు అని ఆమె చెబితే, ఆయన చాలాసేపు నవ్వాడట. నవ్వు కూడా గాలేనట.

"నాకే అందకపోతుండె గా శృతి అన్నడక్కా. అందకనే గొంతు చిరుగుతుండెనట. జనం దాన్నే మెచ్చుకుంటె ఇగ అట్లనే పాడిండట. నేను గొంతు పాడుచేసుకున్న, నువ్వు చేసుకోకు అన్నడు."

 ఎదురుగా ఎవరో టికెట్ అడుగుతున్నా నర్మదకు వినబడలేదు. తాను ట్యాంకు వెనుక నిలబడి ఒళ్ళు జలదరించి విన్నది ఒక మనిషి అందనిదాని కోసం చెయ్యి చాచడం. ఈ పిల్ల కీచుమన్నదీ అందుకే. అదే ఎత్తు, అదే కష్టం. ఒకరిది కళ అయింది, ఒకరిది నవ్వులాట అయింది.

టికెట్లన్నీ కొట్టడం అయ్యాక ఆమె వచ్చి షాహీన్ పక్క సీట్లో కూర్చుంది. డ్యూటీలో అట్లా కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు.

"ఒక మాట జెప్త. గా అంబులెన్సు మాట ఉన్నది సూడు, అది ముందుగాల నేనే అన్న. మా ఇంటాయన గ్రూపుల పెట్టిండు గని, మాట నాదే."

షాహీన్ ఆమె వైపు తిరిగి చూసింది. కోపం కనబడితే నర్మదకు తేలికగా ఉండేది. అమ్మాయి ముఖంలో ఉన్నది ఆశ్చర్యం, దాని వెనుక అలసట.  ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జన్నారంలో జనం ఎక్కారు, నర్మద లేవాల్సి వచ్చింది. లక్సెట్టిపేట పోయింది. మంచిర్యాల బస్టాండ్‌లో అమ్మాయి దిగడానికి మెట్ల దాకా వచ్చి ఆగింది.

"ఆదివారం వస్తవా అక్కా?"

"డ్యూటీ ఉన్నది."

"మార్చుకో," అని దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సాగర్ తన మోటార్ వైండింగ్ దుకాణం మూసి, ఇద్దరు స్నేహితులతో ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఆదివారం ప్రోగ్రాంలో అమ్మాయి నోరు తెరవగానే అందరూ ఫోన్లలో అంబులెన్సు మోత పెట్టాలని గ్రూపులో అనుకున్నారట. నర్మద స్నేహితులు వెళ్ళేదాకా ఆగి, జరిగిందంతా చెప్పింది. కరుణాకర్‌ను చూశానన్నప్పుడు సాగర్ నిలబడిపోయాడు. ఎట్లున్నడు, నన్ను అడిగిండా అన్నాడు. నిన్నెందుకు అడుగుతడు, నువ్వెన్నడన్న పోయి అడిగినవా అంది ఆమె.  అతను మాట మార్చి, ఇప్పుడు తాను ఆపితే ఆగేది కాదని, మాట ఊళ్ళో పడ్డాక ఎవరి చేతిలోనూ ఉండదని వాదించాడు. మాట మొదలుపెట్టింది నువ్వే కదా అని కూడా అన్నాడు.

"నాదే. మరి నీ పేరు మీద ఎందుకు పెట్టుకున్నవ్? నా మాట నాకు వాపస్ ఇయ్యి," అంది నర్మద.

రెండు రోజులు ఇంట్లో ముక్తసరి మాటలే నడిచాయి. సాగర్‌కు తప్పు తెలియక కాదు. ముందు వరుస అభిమాని అని పేరున్నవాడికి, ఇంతమంది మెచ్చుకున్న మాట తనది కాదు భార్యది అని ఒప్పుకోవడం మింగుడుపడలేదు. ఆదివారం పొద్దున మాత్రం టీ తాగుతూ ఫోన్ తీసి ఏదో రాసి, చూపించకుండా బయటికి పోయాడు. నర్మద తన ఫోన్‌లో గ్రూపు తెరిచి చూసుకుంది. ఆ అంబులెన్సు మాట నర్మదది, ఆమె వెనక్కి తీసుకుంటోంది, కరుణాకర్ అన్న ఆ పిల్లను మా పిల్ల అన్నాడు, ఎవరూ ఫోన్లు జేబుల్లోంచి తీయొద్దు అని రాసి ఉంది. కింద నవ్వే బొమ్మలు వరుసగా పడుతున్నాయి. పెళ్ళాం చాటు అభిమాని అని ఒకడు. మస్కట్ అతను మాత్రం కరుణాకర్ నిజంగానే అన్నాడా అని అడిగాడు.

నర్మద తోటి కండక్టర్ నవతతో డ్యూటీ మార్చుకుంది. తల్లి చంద్రవ్వను కూడా వెంట తీసుకుంది. ఒక ఫంక్షన్ హాలు వెనుక ఖాళీ స్థలంలో స్టేజి వేశారు. ఆమె అనుకున్నదాని కన్నా ఆడవాళ్ళు ఎక్కువే వచ్చారు. మిల్లు క్వార్టర్ల పాత ముఖాలు కొన్ని కనబడ్డాయి, పిల్లల్ని చంకనేసుకుని, నాకూ ఒకప్పుడు ఈ పాటలు ఇష్టమే అన్నట్టు కొంచెం సిగ్గుగా. సైరన్ ప్రోగ్రాంలో ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చోవడం బహుశా అదే మొదలు. నర్మద నేరుగా ముందు వరుసకు పోయి కూర్చుంది. చంద్రవ్వ పక్కన సర్దుకుంటూ, గీ పాటల కోసమే గదా నువ్వు మొక్కలల్ల నీళ్ళు పోసింది, నాకు ఎరుక లేదనుకున్నవా అంది. 

'రెండో షిఫ్టు' మొదలైంది. వెనుక నుంచి అంబులెన్సు మోత రెండు మూడు చోట్ల లేచింది. సాగర్ వెనుకే ఎక్కడో ఉన్నాడు. అతను పోయి వాళ్ళతో ఏం మాట్లాడాడో తెలియదు, ఒక మోత ఆగింది. మిగతావి కాసేపు మోగి డ్రమ్ముల కింద మునిగిపోయాయి. కొందరు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో సాగర్ స్నేహితులూ ఉన్నారు.

శృతి దించారు. షాహీన్ గొంతు ఇప్పుడు కీచుమనడం లేదు, బరువుగా, నిదానంగా వస్తోంది. నర్మద ఆ చరణం కోసం కాచుకుని కూర్చుంది. గొంతు చిరగాల్సిన చోటు వచ్చింది. చిరగలేదు. సాఫీగా, ప్రతి అక్షరమూ తెలిసేట్టు పాడేసింది పిల్ల.

"రెండో షిఫ్టుకు పోయే అన్నా, నీ నీడొకటి ఇంట్ల ఉన్నది."

నీడ. బీడీ కాదు. నర్మద మొదట పిల్ల తప్పు పాడిందనుకుంది. రెండోసారి కూడా అదే వచ్చింది. ట్యాంకు వెనుక నుంచి, డ్రమ్ముల మోతలో, చిరిగిన గొంతులో ఇన్నేళ్ళు తాను విన్నది తప్పు. ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత, మంచంలో కూర్చుని గేటు వైపు చూసే బాపు గుర్తొచ్చి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చివరి రోజుల్లో ఇంట్లో ఉన్నది నిజంగా నీడే. బీడీ అయినా నీడ అయినా పాట బాపుదే. కాని కరుణాకర్ గొంతు లేదు, ఇక రాదు. ఆ సంగతి కూడా ఆమెకు ఆ కుర్చీలోనే మొదటిసారి పూర్తిగా తెలిసొచ్చింది. బాగా పాడుతున్న పిల్లను చూస్తూనే ఆమె పోయిన గొంతు కోసం ఏడ్చింది. చంద్రవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత షాహీన్ కొత్త పాట ఒకటి పాడింది. మిల్లు గేటు బయట టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడే ఆడవాళ్ళ మీద. అది ఆమె సొంతంగా కట్టిందట. అందులో పోలికకు పాత గొంతు లేదు. చంద్రవ్వ నిటారుగా అయి కూర్చుంది. ఎండలో డబ్బా మూత వేడెక్కి చెయ్యి కాలే మాట దగ్గర, అవ్ అవ్, కాలుతుండె అని పైకే అనేసింది.

ఇంటికి నడుస్తూ నర్మద సాగర్‌ను ఆ లైను గురించి అడిగింది. నీడనే కదా, మరి నువ్వేమనుకున్నవ్ అన్నాడతను. బీడీ అని ఆమె చెప్పేసరికి రోడ్డు మధ్యలో ఆగి మరీ నవ్వాడు. నవ్వాక, బుచ్చిరాములు మామ బీడీల సంగతి అడిగి తెలుసుకున్నాడు. పాట వినడానికి ఆమె ఏ వేళకు పోయేది, ట్యాంకు దగ్గర ఎక్కడ నిలబడేది, బిందె సంగతేమిటి, అన్నీ ఒక్కొక్కటిగా అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆ ప్రశ్నలు అడగడం అదే మొదలు.

సైరన్ తిరిగి అందరికీ సైరన్ కాలేదు. గ్రూపు రెండుగా చీలింది. కరీంనగర్ పెద్దమనిషి పాత పాటలకే వేరే గ్రూపు పెట్టుకున్నాడు, అందులో సగం మంది చేరారు. సాగర్ రెండింటిలోనూ ఉన్నాడు. ఒక ఆదివారం అతను నలుగురు పాత అభిమానులను వెంటబెట్టుకుని ఖానాపూర్ పోయి వచ్చాడు. ఏం మాట్లాడారని నర్మద అడిగితే, పసుపు గురించి అన్నాడు. కరుణాకర్ గొంతు గురించి ఎవరూ ఎత్తలేదట. ఆయనే బంతి మొక్కల మధ్య కూర్చోబెట్టి ఎర్రచాయ ఇప్పించాడట. అంబులెన్స్ అన్న మాట పూర్తిగా చావలేదు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నర్మద బస్సులో మాత్రం అనరు.

షాహీన్‌తో ఆమెకు పెద్ద స్నేహం ఏమీ కుదరలేదు. మంచిర్యాలలో ఎక్కినప్పుడు పలకరించుకుంటారు. బ్యాండు బోథ్‌లో పాడి వచ్చిన మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసి, కొత్తగా రికార్డు చేసిన రెండు పాటలు పంపానని, విని ఎట్లున్నాయో ఉన్నదున్నట్టు చెప్పమని అడిగింది. పొగిడేవాళ్ళు దొరుకుతున్నారు, తిట్టేవాళ్ళు ముందు నుంచీ ఉన్నారు, నిజం చెప్పేవాళ్ళు కావాలంది. నర్మద డిపోలో చెవికి ఫోన్ ఆనించుకుని రెండూ చివరిదాకా విన్నది. మళ్ళీ ఒకసారి విన్నది. నాలుగు రోజులకు అదే డిపోలో కూర్చుని ఫోన్ చేసింది.

"డబ్బా పాట మంచిగున్నది. మా అవ్వకు పెట్టిచ్చిన, రోజు వింటున్నది. 'రెండో షిఫ్టు' ఇంక నీది కాలే. ఇంకోసారి పాడు."

 సరే అక్కా, పాడుత అన్న మాట అవతల నుంచి వినబడింది. బస్సు బయల్దేరే వేళైంది. నర్మద టికెట్ మిషన్ మెడకు తగిలించుకుని లేచింది.